పొడుగు చేతుల జాకెట్టు

మీరాబీ జాకెట్టు చంక దగ్గర రెండో కుట్టు వేస్తోంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న అనంతలక్ష్మి ఊరుకోదు కదా!

"తెనాలి అంతటికీ పొట్టి చేతులు కుడతావు. నీకేమో ఈ ఎండల్లో మణికట్టు దాకానా? ఉడికిపోవూ?"

"అలవాటండి."

ఎంత పద్ధతి గల మనిషో అనుకుంటారు జనం. పద్ధతీ లేదు పాడూ లేదు, అంతా సిగ్గు. పంతొమ్మిదో ఏట మెడ కింద మొదలైన తెల్లమచ్చ మొహం, మణికట్టు కింద తప్ప ఒళ్లంతా పాకింది. బాపట్ల అత్తవారు మూడు నెలలకే తిప్పి పంపేశారు. అప్పటి నుంచి ముప్పై అయిదేళ్లుగా ఈ గది, ఈ మిషను. అల్లా ఇచ్చిన ఒళ్లే కదా అని ఐదు పూటలా చెప్పుకునేది. నమాజు చాప మడిచాక మాత్రం అద్దం వంక చూసేది కాదు.

బతికున్నన్నాళ్లూ గుడ్డ కప్పుకోవచ్చు. పోయాక? నలుగురు ఆడవాళ్లు బట్టలు విప్పి స్నానం చేయిస్తారే! ఆమెను నమిలేస్తున్న దిగులు అదే. రేపల్లెలో ఆడవాళ్లెవరు పోయినా ఆ ఆఖరి స్నానం, గుసుల్, చేయించేది జాన్‌బీ పిన్నే. బాపట్లవాళ్లు కాక ఆ మచ్చలు తెలిసిందీ ఆమెకే. "నేను చేయిస్తాలేవే, ఒక్కరి కంటా పడనివ్వను" అని మాటిచ్చింది. తనకన్నా పాతికేళ్లు పెద్దదైన పిన్ని ముందు పోతుందేమోనని ఇద్దరికీ తట్టకపోవడం ఎంత చోద్యం!

ఫోను మోగింది. పిన్ని మనవరాలు రిజ్వానా.

"అత్తా, నానమ్మ పోయింది. గుసుల్ నువ్వే చేయించాలని చెప్పి పోయింది."

మీరాబీ కుట్టు చివరిదాకా లాగి, దారం కొరికి, జాకెట్టు అనంతలక్ష్మి చేతిలో పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

రేపల్లె ప్యాసింజరు దిగి ఇల్లు చేరేసరికి పెరట్లో చీరలు అడ్డం కట్టేశారు. రేగాకు వేసి కాచిన నీళ్లు వేళ్లతో చూసుకుంది. ఎక్కువ వేడి తగలకూడదు. బొడ్డు నుంచి మోకాళ్ల దాకా గుడ్డ కప్పి, కుడి పక్క నుంచి మొదలుపెట్టింది. ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు పట్టుకున్నారు. రిజ్వానా పిన్ని వాడే సొట్ట చెంబుతో నీళ్లు పోస్తోంది.

మీరాబీ జాకెట్టు చేతి అంచు తడిసి పిన్ని మొహం మీద ఈడ్చుకుపోయింది. పోయినవాళ్లకీ నొప్పి తెలుస్తుందే, మెల్లగా ముట్టుకోవాలి అనేది పిన్ని.

"అత్తా, చేతులు పైకి మడుచుకో."

మీరాబీ ఆగిపోయింది. పిన్ని మొహం వంక చూసి, కళ్లు మూసుకుని, మోచేతుల పైదాకా మడిచేసింది.

పొరుగావిడ చూసింది. చూసి, మళ్లీ పిన్ని భుజం పట్టుకుంది. రిజ్వానా చెంబు ఆపింది.

"నొప్పేమన్నా ఉంటుందా అత్తా?"

"లేదమ్మా."

"అయితే ఇటు తిప్పు, ఈ పక్క పోస్తా."

అంతే. అయిదుగురిని కన్న పిన్ని పొట్ట ముడతలు పడి జారిపోయింది. ఆ ముడతల మధ్య నీళ్లు తుడుస్తుంటే మీరాబీకి రోత కాదు, పట్టలేనంత ప్రేమ ముంచుకొచ్చింది. ఈ ఒంటి గురించి బయట చెబుతానా నేను? చచ్చినా చెప్పను. మరి నా ఒళ్లు చూసినవాళ్లు మాత్రం ఎందుకు చెబుతారు? ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది, పిచ్చిమొహానికి!

ఆఖరి నీళ్లలో కర్పూరం కలిపారు. పోయినవాళ్లకి చుట్టే కఫన్‌కి కుట్టు ఉండదు. జన్మంతా కుట్టిన మనిషి ఆ తెల్లగుడ్డ చేత్తో సర్ది, ముడి వేసింది.

"రిజ్వానా, నాకు నువ్వు పోస్తావుటే నీళ్లు?"

"పోస్తాలే. ఇప్పుడేం తొందర? ముందు నాకు సరిగ్గా నేర్పు."

సాయంత్రం అసర్ నమాజు వేళకి మగవాళ్లు జనాజా భుజాల మీదికి ఎత్తారు. ఆడవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మీరాబీ మడిచిన చేతులు దించుకోలేదు, వాటితోనే కళ్లు తుడుచుకుంది.

పెరట్లో తడి చెక్కబల్ల మీద పిన్ని సొట్ట చెంబు, అడుగున అంటుకున్న రెండు రేగాకులతో.