దొరగారి మధ్యాహ్నం షుగరు

ఆ వీధిలో అందరూ కత్తెరమ్మ అని పిలిచే ఆవిడకి డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. రెండు వీధుల అవతల ఆవిడకి చిన్న బట్టలు కుట్టే కొట్టుంది. అందులో రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం. ఇంట్లో ఉండేది ముగ్గురు: తను, గడియారాలు బాగుచేసీ చేసీ చూపు మందగించి ఇంటిపట్టున కూర్చున్న తమ్ముడు, దొర.

దొర అంటే పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి మీసాలు, ఎవరి మాటా లెక్కచేయని నడక. ఆ పేరు పెట్టింది తమ్ముడే. "వీడి వాలకం చూడక్కా, మనమేదో వీడింట్లో అద్దెకున్నట్టు లేదూ?" అన్నాడు. ఆ రోజు నుంచీ వాడు దొర, వీళ్ళిద్దరూ అద్దెకున్నవాళ్ళు.

రెండు నెలల కిందట దొర నీళ్ళ గిన్నె దగ్గర కాపురం పెట్టేశాడు. గిన్నె నింపడమే తడవు ఖాళీ. తిండికి లోటు లేదు, అయినా వెన్నెముక చేతికి తగులుతోంది. పిల్లుల డాక్టరమ్మ రక్తం తీసి చూసి, షుగరని తేల్చేసింది.

"వీడికి షుగరేంటి తల్లీ? పంచదార మొహం కూడా చూడడు," అంది కత్తెరమ్మ.

"చూడక్కర్లేదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ చాలట్లేదు. పన్నెండు గంటలకోసారి సూది వెయ్యాలి. ఇంట్లోనే, మీరే వెయ్యాలి."

"ఎన్నాళ్ళు?"

"ఉన్నన్నాళ్ళు. అదృష్టం బాగుంటే కొన్ని పిల్లులకి తగ్గిపోతుంది కూడా."

రెండో ముక్క కత్తెరమ్మ చెవికెక్కలేదు. మొదటిదే గుండెలో దిగబడింది. ఇప్పుడే వస్తానని గడప దాటి, మళ్ళీ రానివాళ్ళు ఆవిడ జీవితంలో ముగ్గురున్నారు. అందుకని తమ్ముడు పాలపాకెట్టుకి వెళ్ళినా మెట్ల మీద నిలబడి, సందు మలుపు తిరిగేదాకా చూస్తుంది. దొర మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ముందు వాడి పొట్ట ఎగిసిపడుతోందో లేదో చూసి, ఆ తర్వాతే చేతిలో పని చూసుకుంటుంది.

సరే, పని మొదలైంది. పొద్దున్న ఏడింటికి, సాయంత్రం ఏడింటికి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డని కాసేపు దొర చెవికి అద్దాలి. చెవి అంచున ఒక్క పోటు పొడిస్తే ఆవగింజంత రక్తపు చుక్క లేస్తుంది. దాన్ని అరచేతిలో ఇమిడే షుగరు మిషన్‌కి అందించాలి. అంకె చూసుకుని, వాడికి తిండి పెట్టి, వాడు తింటుండగా సూది వెయ్యాలి. ఇన్సులిన్ సీసాని ఊపకూడదు, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. వెయ్యాల్సింది ఒక్క యూనిట్టే, కంటికి ఆనీ ఆననంత.

యాభై ఏళ్ళు గుడ్డకి సూది దింపిన చెయ్యి, మొదటిసారి ఆ చర్మం మడత పట్టుకుని గడగడా వణికింది. దొర మాత్రం గిన్నెలోంచి తలెత్తలేదు. పొడిచిన మనిషికి ముచ్చెమటలు పోశాయి, పొడిపించుకున్నవాడు గిన్నె నాకి ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూశాడు.

ఈ తతంగం జరిగినన్నిసార్లూ తమ్ముడు వంటింట్లో గోడకేసి నిలబడేవాడు.

"అయిపోయిందా?"

"అయిపోయిందిరా, ఇటు తిరుగు."

"రక్తం తుడిచేశావా?"

"తుడిచాన్లే మహానుభావా!"

మూడు వారాలయ్యాక డాక్టరమ్మ కొత్త పని పెట్టింది. మధ్యాహ్నం మందు గట్టిగా పనిచేసే వేళ. అప్పుడు షుగరు ఎంతకి దిగుతోందో తెలిస్తేనే డోసు చాలుతోందో లేదో చెప్పగలదట. సోమవారం నుంచి రోజూ ఒంటిగంటకి చూడమంది. కత్తెరమ్మకేమో కొట్లో బడిపిల్లల యూనిఫారాల ఆర్డరు మెడ మీద కూర్చుంది. మిగిలింది తమ్ముడు.

"వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకున్నప్పుడు కూడా నీ చెయ్యి వణకదు కదరా! పిల్లి చెవి ఓ లెక్కా?"

"స్ప్రింగు కరవదక్కా."

"వీడూ కరవడు. నేను నేర్పుతాగా!"

తమ్ముడు గోడకేసి నిలబడే నేర్చుకున్నాడు.

సోమవారం ఒంటిగంటా పది నిమిషాలకి కొట్లో ఫోను మోగింది. "మూడొందల పద్దెనిమిది," అన్నాడు తమ్ముడు. గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది.

"ఎంతా? సరిగ్గా చూశావా?"

"మిషన్‌లో ఉంది. వచ్చి చూసుకో."

మర్నాడు రెండొందల తొంభై ఆరు. బుధవారం మూడొందల ముప్పై ఒకటి. ఆ రోజు కత్తెరమ్మ ఒక చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టింది. కొలతలకి వచ్చిన ఆవిడ నవ్వబోయి, ఈవిడ కళ్ళనిండా నీళ్ళు చూసి ఊరుకుంది.

గురువారం మూడొందల నాలుగు. సాయంత్రం డాక్టరమ్మకి అంకెలన్నీ చదివి వినిపిస్తే, "మందు చాలట్లేదు, రేపటి నుంచి రెండు యూనిట్లు వెయ్యండి," అంది.

"ఇంకో రెండ్రోజులాగి పెంచితే?" అన్నాడు తమ్ముడు గోళ్ళు చూసుకుంటూ.

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?"



శుక్రవారం పొద్దున్న రెండు యూనిట్లు వేసి, ఎందుకో మనసు ఒప్పక కత్తెరమ్మ కొట్టు తియ్యలేదు. "నువ్వెళ్ళక్కా, నేను చూసుకుంటాగా," అని తమ్ముడు నాలుగుసార్లు అన్నాడు. నాలుగోసారికి ఆవిడకి అనుమానం వచ్చింది కానీ, దేని మీద అనుమానపడాలో తెలియలేదు.

పదకొండున్నరకి దొర సోఫా మీంచి దిగాడు. ముందుకాళ్ళు ఒకవైపు, వెనకకాళ్ళు ఇంకోవైపు వెళ్ళాయి. నాలుగడుగులు తూలుతూ వేసి, గచ్చు మీద చతికిలపడి తల వాల్చేశాడు.

"ఒరేయ్! దొర పోతున్నాడురా!"

ఏడుస్తూనే చెవి పొడిచింది. చెయ్యి వణకలేదు. మిషన్ మీద నలభై రెండు. ఒక చేత్తో దొర తల పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను నొక్కి, గట్టిగా వినిపించే మీట కూడా నొక్కింది.

"కంగారు పడకండమ్మా, షుగరు బాగా పడిపోయింది," అంది డాక్టరమ్మ. "తేనె ఉందా? చిగుళ్ళకి రాయండి. వేలు పళ్ళ మధ్యకి పోనివ్వకండి. తేరుకోగానే తిండి పెట్టండి. పావుగంటలో మళ్ళీ చూడండి. పెరగకపోతే వెంటనే తీసుకొచ్చెయ్యండి."

తేనె సీసా మూత రాలేదు. తమ్ముడు లాక్కుని తిప్పాడు. కత్తెరమ్మ వేలితో రాసింది, మళ్ళీ రాసింది. "పోకురా నాయనా, నువ్వు కూడా పోకు," అంటూనే రాసింది. కాసేపటికి దొర నాలుక బయటికొచ్చి చిగుళ్ళు నాకింది. ఆ తర్వాత ఆవిడ వేలు నాకింది.

"నాకుతున్నాడు తల్లీ!"

"హమ్మయ్య! కానీ నాకిది అంతుపట్టట్లేదమ్మా. నిన్న మధ్యాహ్నం మూడొందలున్నది ఒక్క యూనిట్టు పెంచినంత మాత్రాన ఇంతలా పడదే. మీరు రోజూ చూస్తున్నది ఈ పిల్లినేనా?"

"ఇంట్లో ఇంకో పిల్లి లేదమ్మా."

గోడ దగ్గర్నుంచి సన్నటి గొంతు వినిపించింది. "అక్కా, ఆ మూడొందలు దొరవి కావు."

"మరెవరివిరా?"

తమ్ముడు ఎడమచెయ్యి చాపాడు. వేళ్ళ చివర్లు, కొత్తగా కుట్టు నేర్చుకునే పిల్ల వేళ్ళలా చుక్కలు చుక్కలుగా ఉన్నాయి.

"వాడు నా మొహంలోకి చూశాడక్కా. ఆ కళ్ళు చూశాక చెవి పొడవలేకపోయాను. మిషన్‌లో ఏదో ఒక అంకె లేకపోతే నువ్వు చంపుతావు. నాకేం రోగం, వందో నూటపదో వస్తుంది, అదే చెప్పేద్దామని నా వేలు పొడుచుకున్నాను. మూడొందల పద్దెనిమిది వచ్చింది."

ఫోనులో దగ్గు వినిపించింది. నవ్వాపుకునే దగ్గు. వెంటనే గొంతు సర్దుకుంది. "బాబాయిగారూ, మీరు రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నా దగ్గరికి కాదు, మనుషుల డాక్టరు దగ్గరికి. అమ్మా, దొరకి ఈ సాయంత్రం సూది ఆపండి. రేపట్నుంచి మళ్ళీ ఒక్క యూనిట్టే."

పావుగంటకి దొర షుగరు ఎనభై ఎనిమిది. వాడు లేచి గిన్నె దగ్గరికెళ్ళి, ఆలస్యమైందేమని అరిచాడు. వాడి ముందు తిండి పెట్టి, కత్తెరమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"నాలుగు రోజులు కడుపులో ఎలా దాచుకున్నావురా?"

"చెబితే దొరని చూసినట్టు నన్ను కూడా, నిద్రలో పొట్ట ఎగిసిపడుతోందో లేదో అని చూస్తూ కూర్చుంటావని."

"ఇప్పుడు చూడట్లేదనుకుంటున్నావా?"

తమ్ముడు తెల్లబోయాడు. "ఎప్పట్నుంచి?"

"నీకు పళ్ళు రానప్పట్నుంచి. నడు, ముందా వేళ్ళు కడుక్కో."

మర్నాడు ఇద్దరూ కలిసి మనుషుల డాక్టరు దగ్గరికెళ్ళారు. సూది అక్కర్లేదు, ప్రస్తుతానికి మాత్రలు చాలన్నాడాయన. తమ్ముడు ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు. దారిలోనే రెండో షుగరు మిషన్ కొన్నారు.

ఆదివారం ఒంటిగంటకి కత్తెరమ్మ తమ్ముణ్ణి దొర ముందు కూర్చోబెట్టింది. "ఇవాళ నేను గోడకేసి నిలబడతాను. నువ్వు పొడు."

"అక్కా, వాడు చూస్తున్నాడు."

"చూడనీ. ఎవరికీ ఏమీ కాకూడదంటే ఈ ఇంట్లో పొడిచేవాళ్ళు ఇద్దరుండాలి. నేనొక్కదాన్నీ ఎన్నాళ్ళు?"

ఆవిడ గోడకేసి తిరగ్గానే వెనక ఏదో దొర్లింది. కుర్చీ పడింది. "ఆగరా, ఆగరా బాబూ!" అన్న గొంతు ఒకటి, బుస ఒకటి వినిపించాయి. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది.

"నూట ఇరవై ఆరు!"

కత్తెరమ్మ గిరుక్కున తిరిగింది. దొర కిటికీలో కూర్చుని చెవి తుడుచుకుంటున్నాడు. తమ్ముడు నేల మీద కాళ్ళు బారచాపి, మిషన్ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. మణికట్టు నుంచి మోచేతిదాకా మూడు ఎర్రటి గీతలు.

"ఇది ఎవరిదిరా?"

"అంకె దొరదేనక్కా. రక్తం మాత్రం ఇద్దరిదీ."