జవాబు వచ్చింది

తాడేపల్లిగూడెంలో తమ చర్చి సంఘానికి వెబ్‌సైట్ చేసిపెట్టిన 2009లో కెజియా కాళ్ళు నేలమీద నిలవలేదు. కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకునే పిల్లకి అంతకంటే ఏం కావాలి! ప్రార్థన మనవుల కోసం ఉచితంగా దొరికే ప్లగిన్, అంటే సైట్‌కి అతికించుకునే చిన్న ప్రోగ్రాం, ఒకటి తెచ్చి తగిలించింది. సభ్యులు పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చి మనవి రాసుకోవాలి. ప్రార్థన నెరవేరితే పాస్టరుగారు 'జవాబు వచ్చింది' అన్న బటన్ నొక్కాలి. ఆకివీడు, మండవల్లి సంఘాలవాళ్ళు ఆదివారం ఆ పేజీ చూసి చదివేవారు. జవాబు వచ్చినవాటికి స్తోత్రం చెప్పి, మిగతావాటికోసం మోకరించేవారు.

అన్నిటికంటే పైన ఉన్నది హన్నమ్మ టీచరుగారి మనవి. ఆవిడ భర్త తోమా మాస్టారికి మతిమరుపు. అరుగు మీద కూర్చున్న మనిషి ఎటో వెళ్ళిపోయారు. మనవి పక్కన పెట్టిన ఫొటో చూసి అన్ని సంఘాలూ వెతుకుతున్నాయి.

సోమవారం పొద్దున్నే చూస్తే ఆ మనవి పక్కన 'జవాబు వచ్చింది' అని ఉంది. కెజియా ఆనందం పట్టలేక పాస్టరుగారికి ఫోన్ చేసింది.

"నేను నొక్కలేదమ్మా. మాస్టారు దొరికారా?" అన్నారాయన.

కెజియా వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుంది. మామూలు సభ్యురాలి పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళి చూసింది. బటన్ అక్కడే ఉంది, ఎవరైనా నొక్కొచ్చు. ఆ ప్లగిన్ పాస్‌వర్డ్ ఉందా అని అడుగుతోందే గాని, ఈ పని చేసే అధికారం నీకుందా అని అడగడం లేదు. ఇన్నాళ్ళూ అన్ని అధికారాలూ ఉన్న తన పాస్‌వర్డ్‌తోనే చూసుకుని మురిసిపోయింది. బుద్ధి గడ్డి తిందని తనను తానే తిట్టుకుంది.

నొక్కినవారి పేరు చూస్తే, హన్నమ్మ. పరుగున వాళ్ళింటికి వెళ్ళింది.

"శనివారం నేనే నొక్కానమ్మా," అంది ఆవిడ నెమ్మదిగా. "అడిగింది దొరికిందని నమ్మి ముందే స్తోత్రం చెప్పుకోవాలి కదా. బటన్ కనబడింది, నమ్మకంతో నొక్కేశాను."

కెజియాకి ఏడుపు ముంచుకొచ్చింది. "నిన్న బయటి ఊళ్ళ చర్చిల్లో మాస్టారు దొరికారని చదివేశారండీ. తప్పు నాదేనండీ టీచరుగారూ. ఆ బటన్ మీకు కనబడకూడదండీ."

అక్కడే కూర్చుని సంఘాలన్నిటికీ ఫోన్లు చేసింది. ఆకివీడు సంఘంలో యోబు అనే చేపల వ్యాపారి ఎత్తాడు.

"మాస్టారిని నిన్న సాయంత్రం మా స్టేషన్లో చూశానండీ. పొద్దున చర్చిలో దొరికారని చదివారు కదండీ, ఇంక భయం లేదనుకున్నా. ఊరెళ్తానంటే చెయ్యి పట్టుకుని రైలెక్కించానండీ."

"ఏ రైలండీ?"

"అప్పుడు వచ్చిన రైలేనండీ. ఎటు వెళ్ళేదో చూసుకోలేదు. ఆయన చాలా సంతోషంగా ఉన్నారండీ."

కెజియా ఫోన్ పెట్టేసి, విన్నదంతా చెప్పబోయింది. హన్నమ్మ అప్పటికే లేచి నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుంటోంది.

"ఆయన్ని చూశామన్నారా? పదమ్మా, స్టేషన్‌కి వెళ్దాం," అంది.