పొద్దుటి చప్పుడు

టౌనుకు జనాన్ని తిప్పే సర్జేరావ్ బండికి చప్పుడు పొద్దున పూటే వచ్చేది. రాత్రంతా చల్లబడ్డ ఇంజను, తాళం తిప్పగానే డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు టకటకలాడేది. ఊరు దాటేసరికి తగ్గేది, కృష్ణ వంతెన ఎక్కేసరికి పూర్తిగా పోయేది. రోజూ వంకాయల గంపతో ముందు సీట్లో కూర్చునేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. వెనక కూర్చునేవాళ్లకూ తెలిసింది. ఒక్కొక్కరే బస్సుకు మళ్లారు. నీ బండి ఎక్కితే చెరకు గానుగలో కూర్చున్నట్టుందని చెప్పి పంతులమ్మ కూడా మానేసింది.

బండి మూడేళ్ల కిందట కొత్త ఏడాది పాడ్వా పండుగనాడు కొన్నది. మళ్లీ పాడ్వా వస్తే వారంటీ తీరిపోతుంది. ఆ తర్వాత ఇంజను విప్పించాలంటే గేదెల్ని అమ్ముకోవాలి. ఉన్నవే రెండు.

ఆ బండితో వాడి అన్న బాపూసోకూ పని ఉంది. చక్కెర ఫ్యాక్టరీ ఎన్నికల్లో చైర్మన్ మీద రైతుల తరఫున నిలబడ్డాడు. చైర్మన్‌కు జీపులున్నాయి, ట్రాక్టర్లున్నాయి. బాపూసోకు తమ్ముడి బండి ఒక్కటే. దూరపు మళ్లల్లో కాపురముండే ముసలి సభ్యుల్ని ఓటుకు తేవాలి. సర్జేరావ్ మాటిచ్చాడు. పోలింగు పాడ్వా వెళ్లిన వారానికి.

టౌన్లో సర్వీసు సెంటరుకు ఇద్దరం వెళ్లాం. అక్కడికి చేరేసరికి ఇంజను వేడెక్కి పిల్లిలా ఉంది. సూపర్‌వైజరు ఘాటగే బానెట్ ఎత్తి విని, చప్పుడు లేదని రాసేశాడు. డీజిలు బండి కదా కాకా, వీణ వాయిస్తుందా అన్నాడు. అయితే రాత్రి ఇక్కడే ఉంచుతాను, పొద్దున మీరే తాళం తిప్పి వినండన్నాడు సర్జేరావ్. ఘాటగే సరేనన్నాడు.

మర్నాడు బస్సు దిగి పరుగున వెళ్లాం. కాపలావాడు అప్పటికే బళ్లన్నీ బయటికి నడిపి నేల కడుగుతున్నాడు. మా బండి ఎండలో నిలబడి ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ముట్టుకోవద్దని రాత్రే చెప్పాను కదా అని సర్జేరావ్ అడిగాడు. సాహెబ్ వచ్చేసరికి నేల తడారాలి మరి, అన్నాడు వాడు. తప్పు వాడిది కూడా కాదు. ఇంకో రాత్రి ఉంచినా అంతే అయింది.

మూడోసారి ఘాటగే మమ్మల్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"చప్పుడుందని నాకూ తెలుసు కాకా. మాకిది కొత్త కాదు. ఇంజను విప్పమని మా యజమాని అనాలి. మా యజమాని ఎవరి అల్లుడో నీకు తెలీదా?"

చైర్మన్ అల్లుడని మాకు తెలుసు.

పాడ్వా ఇంకా రెండు రోజులుందనగా సర్జేరావ్ చైర్మన్ బంగళాకు వెళ్లాడు. లోపలికి నేను పోలేదు. చైర్మన్ కుర్చీ వేయించి టీ ఇప్పించాడట. ఇంట్లో ముసలితల్లి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాడట. వాడి ముందే అల్లుడికి ఫోన్ చేశాడట. బదులుగా ఏమీ అడగలేదట. బయటికొచ్చి ఈ మాట రెండుసార్లు చెప్పాడు, ఏమీ అడగలేదని.

మర్నాడే ఇంజను విప్పారు. లోపలి గొలుసు వదులైందని గొలుసూ, దాన్ని బిగించే ముక్కా కొత్తవి వేశారు. పైసా తీసుకోలేదు. ఆ తెల్లారి మా వాకిట్లో బండి స్టార్టయితే నాకు తెలియనే లేదు. పంతులమ్మ మళ్లీ వచ్చింది.

పోలింగుకు ముందురోజు సాయంత్రం చైర్మన్ మనుషులు ఇద్దరు వచ్చి బండికి తమ జెండాలు కట్టారు. సర్జేరావ్ గడపలో నిలబడి చూశాడు.

"సాహెబ్ పంపలేదులే, మేమే వచ్చాం," అన్నాడు ఒకడు. "బండి ఇప్పుడు బాగుంది కదా, పొద్దున్నే తీసుకురా."

పొద్దున ఓటర్లను తేవడానికి ఇద్దరం మళ్ల దారిలో వెళ్తుంటే బాపూసో కనిపించాడు, తల్లిని చెయ్యి పట్టి నడిపిస్తూ. ముసలమ్మ పేరునా ఓటుంది. నాలుగడుగులకోసారి ఆగుతోంది. సర్జేరావ్ బండి ఆపాడు గాని దిగలేకపోయాడు.

బాపూసో జెండాలను చూశాడు. తలుపు తానే తీశాడు.

"ఎక్కవే అమ్మా. నడవలేవు."

"వీడి బండా?" అంది ముసలమ్మ.

"ఎవడి బండైతేనేం. కూర్చో."

తల్లిని కూర్చోబెట్టి, కాళ్లు సర్ది, తలుపు వేశాడు. బానెట్ దగ్గరికొచ్చి ఒక క్షణం విన్నాడు.

"చప్పుడు పోయిందిరా సర్జ్యా. బాగా చేశారు."

"నువ్వూ ఎక్కు దాదా," అన్నాడు సర్జేరావ్. ఆ మాట నాకే సరిగా వినపడలేదు.

"నేనెక్కితే నీ ఇంజనుకు మళ్లీ చప్పుడొస్తుంది," అన్నాడు బాపూసో, నవ్వకుండా.

చెరకు పక్కన దారి అంచు పట్టుకుని నడక మొదలుపెట్టాడు. మేము దాటిపోయేటప్పుడు దుమ్ముకు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సర్జేరావ్ అద్దంలోకి చూడలేదు. బూత్ దాకా ముసలమ్మ కొడుకుతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం విననట్టుండటానికి బండిలో వేరే చప్పుడేదీ లేదు.