రెండు వేళ్ల స్పాంజి

కొడుకు స్కూటర్ అమ్మేసి దూరప్రయాణాల మోటార్‌సైకిల్ తెచ్చిన రోజు ఆ తల్లికి ముద్ద గొంతు దిగలేదు. యాభై దాటినవాడు, పైగా నడుంనొప్పి. బండి చూస్తే ఏనుగు పిల్లంత ఉంది.

వాడు బళ్లకు సీట్లు కుట్టే మేస్త్రీ. మీసం సరిగ్గా రాకముందు నుంచీ ఊళ్లు తిరిగేవాళ్లకు సీట్లు కుట్టి సాగనంపుతున్నాడు. పాతికేళ్ల వయసులో తనూ ఓ బండి కొనుక్కుంటానంటే, "నేను పోయాక తిరుగు" అందావిడ. "సరేలే అమ్మా" అని మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇన్నాళ్లకు చెప్పాపెట్టకుండా తెచ్చేశాడు.

"నేనింకా ఉన్నానురా" అంది.

"నువ్విప్పట్లో పోయేట్టు లేవమ్మా, అందుకే" అని నవ్వాడు.

కొండలు దాటి సముద్రం దాకా వెళ్లిరావాలని వాడి కోరిక.

"వెళ్లనివ్వండి అత్తయ్యా, నా కూరలకి నాలుగు రోజులు వంకలు తప్పుతాయి" అంది కోడలు.

వాడు మనిషి పొట్టి. అందుకని ముందుగా సీటులోని స్పాంజి కోసి పల్చన చేసుకున్నాడు. తల్లి దాన్ని బొటనవేలితో నొక్కి చూసింది.

"చెక్కలా ఉందేంట్రా? దీని మీద అంత దూరం పోతే నీ నడుం నీకు దక్కుతుందా?"

"తగ్గిస్తేనే కాళ్లు నేలకి ఆనతాయమ్మా."

"బండి పోతుంటే కాళ్లు నేలకెందుకు?"

పొద్దున లేస్తే అదే పాట. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి బయల్దేరే ముందురోజు వాడు కుట్లు విప్పి, రెండు వేళ్ల మందం స్పాంజి వేసి మళ్లీ కుట్టాడు.

"ఇక నిద్రపోతావా?"

ఆ రాత్రి ఆవిడ నిజంగానే నిద్రపోయింది.

అంతకుముందు కళ్లు మూస్తే చాలు, లారీలు, మలుపులు, వానలో జారే రోడ్లు కనిపించేవి. ఇంటి గేటు మాత్రం ఎన్నడూ కనిపించలేదు. తెల్లారి అక్కడే, అడ్డంగా నీళ్ల ట్యాంకరు వస్తే వాడు బ్రేకు వేశాడు. కాలు దించాడు. బొటనవేలు తప్ప ఏదీ నేలకి ఆనలేదు. సామానంతా కట్టిన బండి మెల్లగా, అలిసిన మనిషి కూలబడ్డట్టు, వాడి కాలి మీదికి ఒరిగిపోయింది.

చీలమండ విరిగింది. అతుక్కుంటుంది గానీ ఆ కాలితో బరువైన బండి ఆపాలని చూడొద్దన్నాడు డాక్టరు.

"నేను చెబుతూనే ఉన్నా, ఆ స్పాంజి..." అని కోడలు ఏదో అనబోయింది.

"జారిందంతే" అన్నాడు వాడు.

వాడు తిట్టినా బాగుండుననిపించింది తల్లికి. దగ్గరికెళ్లి కూర్చుంది.

"ఆ స్పాంజి తీసేయి నాన్నా. కాలు బాగయ్యాక, నిదానంగానైనా..."

"ఇప్పుడెందుకులే అమ్మా."

పాతికేళ్లప్పుడూ ఇదే గొంతు. అప్పుడది ఆవిడకి వినపడలేదు.

బండి కొనడానికి వచ్చినాయన తాటిచెట్టంత పొడుగు. ఎక్కి కూర్చుని, రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనించి, కాస్త ఊగి చూశాడు.

"అచ్చం నా కొలతకి కుట్టినట్టుంది. ఎవరు కుట్టారండీ?"

"నేనే."

"భలే మెత్తగా ఉంది."

"మా అమ్మ చెప్పింది" అన్నాడు కొడుకు. ఆ మాటలో వెటకారం లేదు. ఆవిడ ఎంత వెతికినా దొరకలేదు.

బండి కదిలింది. వీధిలోంచి ఎవరు బయల్దేరినా, ఎరగనివాళ్లయినా సరే, "నెమ్మదిగా వెళ్లండి" అనడం ఆవిడకి అలవాటు. ఈసారి నోరు తెరిచి, పక్కనే కుర్చీలో కట్టు కట్టిన కాలు చాపుకుని మలుపు దాకా చూస్తున్న కొడుకుని చూసి, మూసుకుంది.