మేయరు తెచ్చిన నీళ్ళు

పొగడ్త రాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. ముప్పయ్యేళ్ళుగా వాటిని చెక్కేది నేనే కాబట్టి, నమ్మకపోవడానికి నాకంటే అర్హుడు దొరకడు. ఈసారి చెక్కమని మేయరు కార్యదర్శి తెచ్చిన కాగితంలో ‘చచ్చిపోయిన నగరానికి నీళ్ళు తెచ్చి ప్రాణం పోసిన మేయరు’ అని ఉంది. చదవగానే ఒళ్ళు మండింది.

మూతపడిన దుకాణాలు మళ్ళీ తెరుచుకున్న మాట నిజమే. నీళ్ళు రావడంతో మంగలి షాపు, ఇస్త్రీ కొట్టు, హోటళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కానీ ఆ నీళ్ళు మేయరు గెలవడానికి రెండేళ్ళ ముందే వచ్చాయి. ఊరికి నీళ్ళు వదిలే నీటి గదిలో పనిచేసే మా అక్క తుప్పు పట్టిన వాల్వులన్నీ విప్పి, లీకులు మూసి, ఏ వీధికి ఎంతసేపు వదలాలో తేల్చింది. ఇప్పుడు కొత్త మనుషులొస్తున్నారట, అక్కను నెలాఖరుకి తీసేస్తారట. సొమ్మొకడిది సోకొకడిది.

ఆ మాటే వెళ్ళి అక్కతో అన్నాను.

“అంతా అబద్ధమనకురా. కొత్త మోటారుకి సంతకం పెట్టింది ఈయనే. ముందున్న నలుగురూ పెట్టలేదు,” అంది.

అది కూడా నాకు అనుమానంగానే తోచింది. ఉద్యోగం కోసం ఆయన్ని మంచి చేసుకుంటోందేమో అనుకున్నాను. అయినా రాయి చెక్కి ఇచ్చాను.

ప్రారంభం రోజు నీటి గది నిండా కెమెరాలే. మోటారుకి కట్టిన రిబ్బను కత్తిరించి, మేయరు పెద్ద వాల్వు చక్రం పట్టుకున్నాడు. ఏ కుళాయినైనా తెరవడానికి తిప్పే వైపే తిప్పాడు. గుమ్మం పక్క కుళాయిలోంచి అప్పటిదాకా పడుతున్న సన్నటి ధార కాస్తా ఆగిపోయింది. ఇంకా గట్టిగా తిప్పాడు. ఇంజనీరు కూడా చెయ్యి వేశాడు, అదే వైపు. పై వీధిలో నీళ్ళు ఆగిపోయాయని ఫోనొచ్చింది. కార్యదర్శి మొహం మాడిపోయింది.

అక్క ముందుకొచ్చింది.

“కాస్త జరగండి సార్. ఇది పాతకాలంది, ఎదురు తిరుగుతుంది.”

రెండు చేతులా వెనక్కి తిప్పింది. కుళాయి భళ్ళున పోసి మేయరు బూట్లు తడిపేసింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారో మేయరుకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

సాయంత్రానికల్లా అక్క ఉద్యోగం పొడిగించినట్టు కాగితం వచ్చింది. నాకు సంతోషమూ ఆగలేదు, అనుమానమూ ఆగలేదు.

“కావాలనే చెప్పలేదు కదూ?” అన్నాను.

“అడిగితే చెప్పేదాన్ని. పదేళ్ళలో ఒక్కరూ అడగలేదు.” కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. “నా సంగతి సరే. నా దగ్గర మేయర్ని అంత తిట్టావే, ఆ కార్యదర్శి ఎదురుగా ఒక్క మాటన్నా అన్నావట్రా?”

అనలేదు. పైగా వాళ్ళు అడక్కుండానే, ఆ అక్షరాలకి బంగారు రంగు కూడా నేనే వేశాను.