కస్టమర్ వైపు స్క్రీన్

శ్రీరంగనాయకులు షట్టరు పైకెత్తి, కీబోర్డు మీద దుమ్ము పాత లుంగీ ముక్కతో తుడిచి, రెండు స్క్రీన్లూ ఆన్ చేశాడు. తన వైపుది వెలిగింది. కస్టమర్ల వైపు తిప్పి పెట్టిన దానికి మూలన పచ్చ లైటు వచ్చింది గానీ తెరంతా నలుపే. దాని నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. ఉహూఁ, పలకలేదు. పోయిందనుకున్నాడు.

వట్లూరు కాలేజీల దగ్గరి ఆ ఇంటర్నెట్ సెంటర్లో ఏళ్ల తరబడి అతనే ఆపరేటరు. వంగిన వీపు, దారంతో కట్టుకున్న కళ్లద్దాలు. ఖర్చు లేదని ఓనరు కంప్యూటర్లో లైనక్స్ వేయిస్తే, తంటాలుపడి దాన్ని లొంగదీసుకున్నాడు. కొల్లేటి లంకల నుంచి వచ్చేవాళ్లు ఇతనేం నొక్కుతున్నాడో తెలియక బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారు. అందుకని బ్రౌజర్లో ఏ కొత్త విండో తెరిచినా నేరుగా వాళ్ల వైపు స్క్రీన్ మీదకే వెళ్లేలా అమర్చాడు. "వాళ్ల సంగతి వాళ్ల కళ్లతో చూసుకోవాలి కదండీ" అనేవాడు. అంతకు మించి అతని గురించి చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

ఆ పూట మనిషిక్కడ, మనసక్కడ. భార్య నాగమల్లేశ్వరి విజయవాడ ఆసుపత్రిలో ఉంది. గుండె ఆపరేషను రేపంటే, ఒక్కపూట సెంటరు తెరిచి వెళ్దామని వచ్చాడు. తీరా చూస్తే బావమరిది ఫోను, ఇవాళే చేసేస్తారని. ఇప్పుడు బస్సెక్కినా అందుకోలేడు. తన పెద్ద ఫోను ఆవిడ దగ్గరుంచి, ఆవిడ బటన్ ఫోను తను తెచ్చుకున్నాడు. "లోపలికి తీసుకెళ్లే ముందు మీ కంప్యూటర్‌కి వీడియో కాల్ చేస్తానండి. ఒక్కసారి మొహాలు చూసుకుందాం" అంది ఆవిడ.

ఆధార్ పని మీద లంక నుంచి వచ్చిన అచ్చాయమ్మ కస్టమర్ స్టూలు మీద కూర్చుంది. గుమ్మంలోంచి ఎండ ఆమె భుజం మీదుగా నల్ల స్క్రీన్ మీద పడుతోంది. కాల్ రానే వచ్చింది. శ్రీరంగనాయకులు నొక్కాడు.

"ఏవండీ, కనబడుతున్నానా?"

గొంతు వచ్చింది, మనిషి రాలేదు. తన స్క్రీన్ కింద పట్టీలో బ్రౌజర్ గుర్తు వెలుగుతోంది గానీ విండో ఎక్కడా లేదు.

"ఆగు మల్లీ, విండో ఎటో పోయింది."

కిందికి దించి మళ్లీ తెరిచాడు. పెద్దది చేశాడు, చిన్నది చేశాడు. అయ్యో, అదెక్కడుందో!

"నాకు మీరు కనబడుతున్నారు లెండి. కళ్లద్దాల దారం మళ్లీ తెగిందాండీ?"

"ఉండు, మాట్లాడకు. తప్పెక్కడుందో చూడనీ."

ఆవిడ మాట్లాడలేదు.

"ఏవండీ, ఇందులో ఎవరో ఆవిడున్నారండీ" అంది అచ్చాయమ్మ, నల్ల తెరలోకి చూస్తూ.

"అది పాడైపోయిందమ్మా. మీరు కాసేపాగండి."

"తీసుకెళ్తున్నారండీ... పోన్లెండి, కంగారుపడకండి. వేళకి అన్నం తినండి."

కాల్ ఆగిపోయింది. అప్పుడు తట్టింది అతనికి. ఆ స్క్రీన్‌లో పోయింది బొమ్మ కాదు, బొమ్మ వెనక వెలుగొక్కటే. కంప్యూటర్ దాన్ని ఉన్నట్టే లెక్కేసుకుని, తను అమర్చినట్టే విండోని అటు పంపింది. ఆ స్క్రీన్ వైరు పీకాడు. విండో ఎగిరొచ్చి ఎదురుగా నిలబడింది, ఖాళీగా.

"ఎండ పడి నీడలా కనబడిందండీ. ముక్కుపుడక పెట్టుకున్నారు" అంది అచ్చాయమ్మ మెల్లగా. "మీరు వెతుక్కుంటుంటే చెయ్యూపారండీ ఆవిడ. ఎవరూ ఊపకపోతే బాగోదని నేనే ఊపానండీ."

"సాయంత్రం తెలివొచ్చాక మాట్లాడతానులెండి" అన్నాడు. ఆమె ఆధార్ పని పూర్తిచేసి పంపించాడు.

సాయంత్రం బటన్ ఫోను మోగింది. బావమరిది "బావా" అన్నాడు, ఆ తర్వాత ఏడుపే. శ్రీరంగనాయకులు ఫోను బల్ల మీద పెట్టాడు. చివరి మాటగా భార్యని మాట్లాడొద్దన్నాడు తను.

పీకిన వైరు మళ్లీ తగిలించాడు. ఇవతలకొచ్చి స్టూలు మీద కూర్చుని, చెయ్యి అడ్డుపెట్టుకుని తెరలోకి చూశాడు. గుమ్మంలో ఎండ లేదు. కాసేపటికి లేచి, షట్టరైనా దించకుండా బస్సు కోసం వెళ్లిపోయాడు.

స్టూలుకి ఎదురుగా ఆ స్క్రీన్, మూలన పచ్చ లైటుతో, నల్లగా ఉండిపోయింది.