నక్షత్రాన్ని మోసిన రైజర్

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు గోడల వంక చూసి, "మీవారిది ఇనప సామాన్ల వ్యాపారమాండీ?" అని అడుగుతారు. కాదండీ, థర్మల్ స్టేషన్లో ఫిట్టరు అని చెబుతాను. మరి ఇవన్నీ ఏంటని అడిగేలోపు కాఫీ పెడతానంటూ లోపలికి పోతాను. ఆ ప్రశ్నకి మా ఆయన డేనియల్ జవాబు మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది, వచ్చినవాళ్ల బస్సు కూడా వెళ్లిపోతుంది.

నేనైతే నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. పోటీల్లో వాడే విల్లు ఒకే కర్ర కాదు, విప్పితే మూడు ముక్కలవుతుంది. పైనొక రెక్క, కిందొక రెక్క, మధ్యలో చేత్తో పట్టుకునే లోహపు ముక్క. ఆ మధ్య ముక్కని రైజర్ అంటారు. రెక్కలు విరిగితే జనం రైజర్ని కూడా మూల పడేస్తారు. మా ఆయన కలకత్తా నుంచి, హైదరాబాదు నుంచి, ఎక్కడెక్కడి క్లబ్బుల అటకల మీద నుంచో ఆ పాత రైజర్లని అడిగి తెచ్చుకుంటారు. డ్యూటీ దిగాక ఆకురాయి పుచ్చుకుని, కొత్తరకం రెక్కలు పట్టేలా వాటి చివరలు సరిచేస్తారు. పిడి పోయినవాటికి కొండపల్లిలో బొమ్మలు చేసే రామకోటేశ్వరరావుగారి చేత చెక్క పిడి చేయిస్తారు. మొదట్లో ఆయన బొమ్మల చెక్కతోనే చేసిచ్చారు. అది మరీ మెత్తన, నెల తిరిగేసరికి వేళ్ల గుంటలు పడ్డాయి. అప్పట్నుంచీ టేకు వాడుతున్నారు. రంగు వెయ్యకుండా వస్తువు గుమ్మం దాటించడం ఆయన వల్ల కాదు కాబట్టి, మా ఇంట్లో రైజర్లకి చిలకపచ్చ పిడులూ ఎర్ర పిడులూ ఉంటాయి.

ఇలా బాగుచేసినవన్నీ, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక తన దగ్గర విలువిద్య నేర్చుకునే పిల్లల చేతికిస్తారు. కొత్తది కొనలేని పిల్లలు వాటితోనే పోటీలకి వెళ్తారు. అందుకే ఎంత విసుక్కున్నా ఒక్కదాన్నీ బయట పారెయ్యలేదు నేను. విసుక్కోవడం మాత్రం మానలేదు.

రెండువేల సంవత్సరం డిసెంబరులో జరిగిన సంగతి ఇది.

అఫ్సా మా పేట పటమటలోనే సైకిల్ షాపు నడిపే ఇష్తియాక్ గారి అమ్మాయి. ఇంటర్ రెండో సంవత్సరం. మా ఆయన శిష్యుల్లో అందరికంటే గురి ఉన్న పిల్ల, అందరికంటే తక్కువ మాట్లాడే పిల్ల. ఎడమచేతి వాటం. అదే వచ్చింది చిక్కు. రైజర్ మధ్యలో బాణం ఆనడానికి ఒక పక్కగా పల్లం చెక్కి ఉంటుంది. ఎడమచేతివాళ్లకి ఆ పల్లం రెండో పక్కన ఉండాలి. అలాంటివి దొరకడం కష్టం. అఫ్సా వాడే క్లబ్బు రైజర్, రాష్ట్ర జట్టుకి ఎంపికలు వారంలో ఉన్నాయనగా, పిడి దగ్గర నిలువునా పగిలింది. శనివారం ఎంపికలు. ఆ ఒక్కరోజు తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఇంటర్ అయ్యాక పెళ్లి మాట ఎత్తుతానని వాళ్ల నాన్న ముందే చెప్పాడు, జట్టులోకి వస్తే మాత్రం ఎత్తనని మాట కూడా ఇచ్చాడు. మంచివాడే, కానీ మాటంటే మాటే అనే మనిషి.

అఫ్సా ఏడుస్తుంటే మా ఆయన, "పిచ్చిపిల్లా, దేనికా ఏడుపు? ఎడమచేతిది నా దగ్గరొకటుంది. పసుప్పచ్చది. గురువారం సాయంత్రం వచ్చి పట్టుకుపో" అన్నారట. గ్రౌండులో అందరి ముందూ అన్నారట.

గురువారం మధ్యాహ్నం డ్యూటీ నుంచి రాగానే వెతుకులాట మొదలైంది.

"హెలెన్, పెరటి గుమ్మం పక్కన మేకుకి విడిగా తగిలించాను, పసుప్పచ్చ రైజర్. ఏదీ?"

"నన్నడుగుతారేంటండీ? మీ సంతానాన్ని మీరే లెక్క చూసుకోవాలి."

కాసేపటికి నా వెటకారం దిగిపోయింది. ఆయన మొహం చూస్తే భయమేసింది. అటక మీదివన్నీ దించాం. మంచాలు జరిపాం. బియ్యం డబ్బా వెనక చూశాం. కుడిచేతివి గోడ నిండా వేలాడుతున్నాయి, ఒక్కటీ పనికిరాదు. ఆయన చెమటలు కారుస్తూ, చూసినచోటే మళ్లీ చూస్తున్నారు.

మా అత్తగారు శౌరమ్మ ఊరుకునే మనిషి కాదు. వయసులో ఎంత పెద్దదైనా నోరు మాత్రం నాకంటే చురుకు. పునీత అంతోనివారి పటం ముందు కొవ్వొత్తి వెలిగించింది. పోయిన వస్తువులు చూపించే పని అంతోనివారిదని మా కథోలికుల నమ్మకం.

"ఒరే డేనియేలూ, కంగారుపడకు. ఆయనకి చెప్పాను. మొన్న మా తెరేసమ్మ చెవిపోగు పోతే గంటలో చూపించాడు" అంది.

"చెవిపోగు వేరమ్మా. ఇది మూరెడు పొడుగుంటుంది" అన్నారు ఆయన, ఏడవలేక.

"పెద్దదైతే ఇంకా తొందరగా కనపడాలిగా" అని ఆవిడ ఇంకో కొవ్వొత్తి వెలిగించింది.

పొద్దు వాలుతుండగా గేటు చప్పుడైంది. అఫ్సా. రంజాన్ నెల, ఉపవాసంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చెప్పులు విప్పి, రెక్కల సంచీ గుండెకి హత్తుకుని, "సార్, వచ్చానండీ" అంది నవ్వుతూ. అంత ధీమాగా నవ్వడం ఆ పిల్లలో నేనెప్పుడూ చూళ్లేదు.

మా ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే మా అత్తగారు వరండాలో స్విచ్చి వేసింది. మేడ మీద వెదురు గడకి కట్టిన క్రిస్మస్ నక్షత్రం వెలిగింది. ఆ పిల్ల మొహంలోకి చూడలేక ఆయన తల పైకెత్తారు. ఎత్తినవారు ఇక దించలేదు.

"అమ్మా," అన్నారు చాలా మెల్లగా, "ఆ గడని పైపుకి పట్టి ఉంచింది ఏంటి?"

"ఏముందిరా, క్లాంపు."

"ఏం క్లాంపు?"

నేనూ చూశాను. మెట్లగది పక్కన నీళ్ల పైపుకి వెదురు గడని పట్టి ఉంచిన ఆ ముక్కకి పైనుంచి కిందిదాకా వెండి రంగు పూసి ఉంది. రంగు ఎంత పూస్తే మాత్రం ఆ వంపు దాగుతుందా? మూడు వారాలుగా మేమందరం రోజూ దాని కిందనుంచే వచ్చిపోతున్నాం.

"ప్రభువా," అంది మా అత్తగారు. ఆ మాటతో వరండా గట్టు మీద కూలబడింది. "అది నువ్వు వెతికేదట్రా? పసుప్పచ్చదన్నావుగా! తుప్పు పట్టకుండా నేనే రంగేయించాను. మిగతావన్నీ వరసగా పెట్టి దాన్నొక్కదాన్నీ పెరటి గుమ్మం దగ్గర విడిగా తగిలించావు. ఈ ఇంట్లో అక్కడ పెట్టింది పాత సామాన్లవాడికేగా?"

పెరటి గుమ్మం దగ్గర పెట్టిందల్లా పాత సామాన్లవాడికే అన్న పద్ధతి ఈ ఇంట్లో నడుపుతున్నది నేను.

"పోనీ వేరేది పెట్టుకోలేకపోయావా?" అన్నారు ఆయన.

"వైరింగు చేసే సొలొమోను అన్నీ పెట్టి చూశాడ్రా. అన్నిటికీ ఆ పల్లం గోడవైపుకొచ్చి పైపు కుదర్లేదు. ఇదొక్కటే అచ్చు కొలిచి చేసినట్టు కూర్చుంది."

కుడిచేతి లోకంలో ఆ పిల్లకి కుదిరిన ఒకే ఒక్క రైజర్ మా పైపుకి కూడా కుదిరింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు నాకు.

మా ఆయన నిచ్చెన వైపు నడిచి, సగంలో ఆగిపోయారు. ఎందుకు ఆగారో నాకు తెలుసు. ఒకసారి ఎక్కిన నక్షత్రం కొత్త సంవత్సరం వెళ్లేదాకా కిందికి దిగకూడదన్నది మా అత్తగారి పట్టుదల. ఒక ఏడాది గాలికి నక్షత్రం కింద పడింది, ఆ ఏడే మా మామగారు పోయారు. దానికీ దీనికీ సంబంధం లేదని ఫాదర్ గారే చెప్పినా ఆవిడ వినలేదు.

అఫ్సాకి ఆ కథ తెలుసు. మా వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆ పిల్ల పైకి చూసింది, మా అత్తగారి వంక చూసింది, సంచీ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "వద్దులెండి సార్. దించకండి. వచ్చే ఏడాది చూసుకుందాం" అంది.

మా అత్తగారు గట్టు మీద నుంచి లేచింది.

"వచ్చే ఏడాదా? మీ నాన్న ఆగుతాడటే? దించరా డేనియేలూ. బాలయేసు దగ్గరికి జ్ఞానులకి దారి చూపించాక ఆ నక్షత్రం మటుకు అక్కడే కూచుందా ఏంటి? దాని దారిన అది పోయింది." అలా అని, నిచ్చెన కాలు తనే పట్టుకుంది. ఆ క్షణాన ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

నక్షత్రం దిగింది. రైజర్ చేతికొచ్చింది. కానీ గండం గడవలేదు. మూడు వారాలు గాలికి ఊగే గడని మోసింది. వెంట్రుకవాసి మెలిక పడినా బాణం తిన్నగా పోదు. ఆయన బ్లేడుతో చివర్ల రంగు గీకి, అఫ్సా తెచ్చిన రెక్కలు బిగించి, నారి ఎక్కించారు. విల్లుని కుర్చీ చేతుల మీద ఆనించి, ఒక కన్ను మూసి, నారి వెంట చూశారు. వంపు లేకపోతే నారి రెండు రెక్కలకీ నట్టనడుమ గీత గీసినట్టు కనపడాలి. చూస్తూనే ఉన్నారు. మా అత్తగారు జపమాల పూసలు తిప్పడం ఆపేసింది.

ఆయన లేచి అఫ్సాని కుర్చీ దగ్గరికి పిలిచారు. ఆ పిల్ల వంగి చూసింది.

"తిన్నగా ఉంది సార్," అంది. "సార్, తిన్నగా ఉందండీ!"

అప్పుడు ఏడ్చారు మా ఆయన. ఆ పిల్లేమో నవ్వింది. అంతలో మసీదులోంచి అజాన్ వినిపించింది. నేను మంచినీళ్లిచ్చాను. ఖర్జూరాలు లేవు. క్రిస్మస్‌కి చేసిన కజ్జికాయలు పళ్లెంలో పెట్టి మా అత్తగారు తనే తెచ్చింది. అఫ్సా మా వరండాలో ఉపవాసం విడిచింది. నాకు అంత తేలిగ్గా ఊపిరి ఆడిన సాయంత్రం ఇంకోటి గుర్తులేదు.

శుక్రవారమంతా గ్రౌండులో గురి సరిచేసుకుంది. శనివారం ఎంపికల్లో వరసగా నిలబడ్డ నల్లవీ నీలివీ విల్లుల మధ్య మా వెండిరంగు రైజర్ ఎండకి మెరుస్తుంటే, ఇదేం కంపెనీదని పక్క జిల్లా కోచ్ అడిగాడట. "పటమట కంపెనీ" అన్నారట మా ఆయన. మధ్యాహ్నం పేర్లు చదివారు. అఫ్సా పేరు మూడోది. ఇష్తియాక్ గారు షాపు మూసేసి వచ్చి మా ఆయన చేతులు పట్టుకుని, "మాట మీద ఉంటాను మాస్టారూ, ఇంక పెళ్లి ఊసెత్తను" అన్నారు. అంతటితో అన్నీ సర్దుకున్నాయి అనుకున్నాను.

కానీ మా ఇల్లు సర్దుకోలేదు. నక్షత్రం వరండా మూల గోడకి ఆనించి ఉంది. తాడుతో కడదామన్నాం, వద్దంది అత్తగారు. కొత్త క్లాంపు తెస్తానని సొలొమోను వచ్చాడు, వద్దంది. నోరు తెరిచి భయమనలేదు. కొడుకు డ్యూటీకి బయల్దేరితే మాత్రం గేటు దాకా వచ్చి, "ఒంట్లో బాగానే ఉందిగా?" అని అడుగుతోంది. అన్నిటికంటే నాకు దిగులు పుట్టించిన సంగతి వేరే ఉంది. రోజూ నా వంటకి వంక పెట్టే మనిషి గురువారం నుంచీ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పులుసులో ఉప్పు మర్చిపోయినా మెదలకుండా తిని లేచింది.

ఆదివారం, పండగ ముందు రోజు సాయంత్రం, గేటు చప్పుడైంది. అఫ్సా. చేతిలో రైజర్ ఒక్కటే ఉంది, రెక్కలు విప్పేసింది.

"మామ్మా, మా పండగ వెళ్లేదాకా ప్రాక్టీసు లేదు. ఇది ఖాళీగానే ఉంటుంది" అంది. "నేనే కడతానండీ. దించేటప్పుడు కూడా నేనే దించుకుంటా."

మా అత్తగారు ఆ పిల్ల వంక చూసింది. "కొత్త సంవత్సరం వెళ్లాకే దించాలి," అంది.

"అలాగే మామ్మా."

అఫ్సా నిచ్చెన ఎక్కింది. ఎడమచేత్తో బోల్టు తిప్పుతూ పల్లాన్ని పైపు మీద కూర్చోబెట్టింది. గడ నిలబడింది. కింద నేను స్విచ్చి వేశాను. ఎర్రకాగితం లోంచి వెలుగు వాకిలంతా పడింది.

మా అత్తగారు చాలాసేపు పైకి చూసింది. సిలువ గుర్తు వేసుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"హెలెనూ, ఆ పిల్ల ఉపవాసంతో నిచ్చెనెక్కి దిగితే అలా గుడ్లప్పగించి చూస్తావేంటే? అజాన్ అయ్యే వేళయింది, మంచినీళ్లు తేవాలని తెలీదూ? ఆ కజ్జికాయలు కూడా, కొబ్బరి మాడబెట్టావు, నోట్లో పెట్టుకుంటే ఒట్టు!"

"తెస్తున్నా అత్తయ్యా, తెస్తున్నా!" అంటూ లోపలికి పరిగెత్తాను. వంటింట్లో గ్లాసు కడుగుతుంటే నవ్వు ఆగలేదు నాకు.